ఏం ఉద్యోగమో తెలియకుండానే అప్లై చేశాడు!

పేపర్లో ఒక ప్రకటన చూశారనుకోండి. కంపెనీ ఇంకా పూర్తిగా ఏర్పాటే కాలేదు. జనరల్ మేనేజర్ కావాలట. ఆ కంపెనీ చేసే పనేమిటో మీకు తెలియదు. ఆ రంగం పేరు కూడా సరిగా విన్నట్టు లేదు. అప్లై చేస్తారా? మనలో చాలామందిమి పేజీ తిప్పేస్తాం. 'సంబంధిత రంగంలో అనుభవం' అన్న లైను దగ్గరే ఆగిపోవడం మనకు అలవాటు.

1922 అక్టోబరులో లండన్‌లో ఒక 33 ఏళ్ల ఇంజినీరు 'మార్నింగ్ పోస్ట్' పత్రికలో సరిగ్గా ఇలాంటి ప్రకటనే చూశాడు. అప్పుడే పుడుతున్న బ్రిటిష్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీకి జనరల్ మేనేజర్ కావాలని అందులో ఉంది. బ్రాడ్‌కాస్టింగ్ అంటే ఏమిటో ఆయనకు తెలియదు. ఈ సంగతి తర్వాత ఆయనే ఒప్పుకున్నాడు. అయినా అప్లై చేశాడు. ఆ కంపెనీయే బీబీసీ. ఆయన పేరు జాన్ రీత్.

జర్నలిజం, మాస్ కమ్యూనికేషన్ చదివేవాళ్లకు ఈ పేరు సిలబస్‌లోనే తగులుతుంది. రేడియో, టీవీ సంస్థలు తమ శ్రోతలకు, ప్రేక్షకులకు ఎలా సేవ చేస్తున్నాయని బ్రిటన్‌లో ఎవరు చదవడం మొదలుపెట్టినా, తిరిగి తిరిగి ఈయన దగ్గరికే రావాలి. ఆయన అన్నీ సరిగ్గా చేశాడని కాదు. శ్రోత అడిగింది ఇవ్వాలా, శ్రోతకు మంచిదని మనం అనుకున్నది ఇవ్వాలా అన్న చిక్కుముడిని మొదటగా వేసిందే ఆయన. అది ఇప్పటికీ పూర్తిగా విడలేదు.

చదువు ఆపేసిన తండ్రి

రీత్ 1889 జులై 20న స్కాట్లాండ్ తూర్పు తీరంలోని స్టోన్‌హేవెన్‌లో పుట్టాడు. తండ్రి చర్చిలో మత గురువు, గ్లాస్గోలో పేరున్న మనిషి. ఏడుగురు పిల్లల్లో రీత్ ఆఖరివాడు. పై పిల్లలకూ ఈయనకూ చాలా ఏళ్ల తేడా. ఇంట్లో క్రమశిక్షణ మామూలుగా ఉండేది కాదు. ఆదివారమంటే ప్రార్థన తప్ప మరో మాట లేదు. ఈ ఆదివారం సంగతి గుర్తుంచుకోండి, తర్వాత మళ్లీ వస్తుంది.

కుర్రాడు మనిషి ఎత్తుగా ఎదిగాడు. ఆరడుగుల ఆరంగుళాలు! చదువులో మాత్రం ఇంట్లోవాళ్లు అనుకున్నంతగా రాణించలేదు. గ్లాస్గో అకాడమీలో కొన్నాళ్లు, తర్వాత ఇంగ్లండ్‌లోని గ్రెషమ్స్ స్కూల్లో కొన్నాళ్లు చదివాడు. యూనివర్సిటీకి వెళ్లాలని ఆశపడ్డాడు. తండ్రి వద్దన్నాడు. ఇక చదివించేది లేదు, ఏదైనా పని నేర్చుకొమ్మని రైలింజన్లు తయారుచేసే నార్త్ బ్రిటిష్ లోకోమోటివ్ కంపెనీలో అప్రెంటిస్‌గా చేర్చాడు. ఐదేళ్లు. తోటి కుర్రాళ్లు కాలేజీలకు పోతుంటే ఈయన తెల్లవారుజామునే లేచి నూనె మరకల బట్టలతో ఫ్యాక్టరీకి పోయేవాడు. ఆ బాధ జన్మంతా పోలేదు.

1914లో లండన్ వెళ్లి, పియర్సన్ కంపెనీ కడుతున్న రాయల్ ఆల్బర్ట్ డాక్ పనుల్లో ఇంజినీరుగా కుదిరాడు. అంతలో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చిపడింది. 1915 అక్టోబరులో ఫ్రాన్స్‌లోని లూస్ దగ్గర శత్రువు పేల్చిన తూటా ఆయన ఎడమ చెంపను చీల్చుకుంటూ పోయింది. ప్రాణం దక్కింది గానీ చెంప మీద లోతైన మచ్చ మిగిలిపోయింది. ఫొటోల్లో చూస్తే ఇప్పటికీ కనిపిస్తుంది.

గాయం మానాక ఆయన్ని అమెరికా పంపారు. బ్రిటిష్ సైన్యం కోసం అక్కడ తయారవుతున్న తుపాకుల పని చూడటం ఆయన డ్యూటీ. పెద్ద ఫ్యాక్టరీ ఎలా నడుస్తుంది, వేలమందితో పనెలా చేయిస్తారు అన్నది ఆయనకు అక్కడే వంటబట్టింది. తిరిగొచ్చాక గ్లాస్గో దగ్గరి కోట్‌బ్రిడ్జిలో బియర్డ్‌మోర్ కంపెనీకి జనరల్ మేనేజర్ అయ్యాడు. 1921లో మ్యూరియల్ ఓడమ్స్‌ను పెళ్లి చేసుకున్నాడు. 1922లో ఆ ఉద్యోగం వదిలేశాడు. చేతిలో ఇంకో ఉద్యోగం లేదు. లండన్ వచ్చి, ఎన్నికల సమయంలో ఒక ఎంపీ దగ్గర కార్యదర్శిగా తాత్కాలికంగా కుదిరాడు. ఆ ప్రకటన కంటబడింది అప్పుడే.

డబ్బాలో వేసిన ఉత్తరాన్ని వెనక్కి తీసుకున్నాడు

అప్లికేషన్ రాసి, తాను ఉంటున్న క్లబ్బులోని పోస్టు డబ్బాలో వేసేశాడు. వేశాక అనుమానం వచ్చింది. ఈ ఉత్తరం చదివేది ఎవరు? అది చేరాల్సింది సర్ విలియం నోబుల్‌కు. ప్రముఖుల వివరాలుండే 'హూ ఈజ్ హూ' పుస్తకం తెరిచి చూస్తే ఆ పెద్దమనిషి అబర్డీన్‌వాడని తేలింది. అబర్డీన్ అంటే రీత్ వంశానికి సొంత ప్రాంతమే. వెంటనే డబ్బాలోంచి ఉత్తరం వెనక్కి తీయించి, తమదీ అబర్డీన్ వైపే అన్న సంగతి చేర్చి, మళ్లీ రాసి వేశాడు.

ఇది పైరవీ కాదా అంటారా? కొంచెం ఆ వాసన ఉంది, కాదనలేం. మన ఊరివాడన్న మాట ఎక్కడైనా పనిచేస్తుంది. కానీ అందులో ఇంకో సంగతి కూడా ఉంది. ఇంటర్వ్యూ బోర్డులో ఎవరుంటారో, వాళ్ల నేపథ్యమేమిటో తెలుసుకుని అప్లికేషన్ తిరగరాసే ఓపిక ఆయనకుంది. ఒకే రెజ్యూమెను యాభై చోట్లకు ఫార్వర్డ్ చేసే మనం ఈ ముక్క మాత్రం నేర్చుకోవచ్చు.

డిసెంబరు 13న ఇంటర్వ్యూ. అడిగినవాళ్లు రేడియో గురించి లోతుగా అడగలేదు, ఈయన చెప్పే అవకాశమూ రాలేదు. మర్నాడే ఉద్యోగం ఇస్తున్నట్టు కబురు. ఏడాదికి 2,000 పౌండ్లు అడిగితే 1,750కి ఖాయమైంది. డిసెంబరు 30న డ్యూటీలో చేరాడు. కింగ్స్‌వేలోని మాగ్నెట్ హౌస్‌లో చిన్న గది, నలుగురు సిబ్బంది. అదే అప్పటి బీబీసీ! లండన్ కేంద్రం నుంచి ప్రసారాలు మొదలై అప్పటికి నెలన్నర మాత్రమే అయింది.

రేడియో సెట్లు అమ్ముకోవడానికి పెట్టిన కంపెనీ

బీబీసీ పుట్టింది ఏ ఆదర్శంతోనో కాదు. మార్కోనీ, జనరల్ ఎలక్ట్రిక్ లాంటి ఆరు పెద్ద కంపెనీలు రేడియో సెట్లు తయారుచేస్తున్నాయి. గాల్లో వినడానికి ఏదైనా ఉంటేనే కదా సెట్లు అమ్ముడయ్యేది! అందుకని అందరూ కలిసి పెట్టుకున్న కంపెనీ ఇది. సెట్టు కొన్న ప్రతి ఇల్లూ పోస్టాఫీసులో ఏడాదికి 10 షిల్లింగులు కట్టి లైసెన్సు తీసుకోవాలి. మొదట్లో అందులో సగం కంపెనీకి వచ్చేది. మన దగ్గరా రేడియోకు పోస్టాఫీసులో లైసెన్సు కట్టే రోజులుండేవి, మీ తాతయ్యనో అమ్మమ్మనో అడిగి చూడండి.

అదే సమయంలో అమెరికాలో స్టేషన్లు పుట్టగొడుగుల్లా లేచాయి. ప్రకటనల డబ్బుతో నడిచే పద్ధతి అక్కడ మొదలైంది. రీత్ ఆ దారి చూసి వద్దనుకున్నాడు. ప్రకటనకర్త డబ్బిస్తే శ్రోత సరుకైపోతాడు. ప్రభుత్వం నేరుగా డబ్బిస్తే శ్రోత ప్రజ అయిపోతాడు. శ్రోతే లైసెన్సు కడితే, ఇంకెవరికీ జవాబు చెప్పకుండా ఆ శ్రోతకే పనిచేయొచ్చు. ఆయన ఆలోచనను నాకర్థమైన మాటల్లో చెబితే ఇదీ. 1924లో దీని మీద ఏకంగా పుస్తకమే రాశాడు.

సేవ అంటే ఆయన దృష్టిలో ముందు అందరికీ అందడం. లండన్‌లో ఉన్నవాడికి వినిపించేదే కొండల్లో గొర్రెలు కాచుకునేవాడికీ వినిపించాలి, ఇద్దరూ కట్టేది అదే 10 షిల్లింగులు కాబట్టి. పోస్టల్ స్టాంపు ఖరీదు ఏ ఊరికైనా ఒకటే ఉన్నట్టు. 1925లో డావెంట్రీలో భారీ లాంగ్‌వేవ్ ట్రాన్స్‌మిటర్ పెట్టాక దేశంలో చాలా భాగానికి ప్రసారం చేరింది. చవకైన క్రిస్టల్ సెట్టు, చెవులకు హెడ్‌ఫోన్లు ఉన్న పేదవాడు కూడా సింఫనీ వినగలిగాడు. బడి పిల్లలకు పాఠాలు, 1924 నుంచి గ్రీన్‌విచ్ టైమ్ సిగ్నల్ 'పిప్స్', 1927లో బీబీసీ చేతికి తీసుకున్న ప్రోమ్స్ సంగీత కచేరీలు... జాబితా పెద్దదే.

అడ్డంకులు కూడా గమ్మత్తుగా ఉండేవి. రేడియో వస్తే తమ పని అయిపోతుందని పత్రికల యజమానులు భయపడ్డారు. సాయంత్రం ఏడు దాటేదాకా రేడియోలో వార్తలు చదవకూడదని పట్టుబట్టి సాధించుకున్నారు. కార్యక్రమాల వివరాలు తమ పేపర్లో వేయాలంటే ప్రకటన రేటు కట్టాలన్నారు. రీత్‌కు ఒళ్లు మండి, అయితే మన పత్రిక మనమే వేసుకుందాం అన్నాడు. అలా 1923 సెప్టెంబరు 28న 'రేడియో టైమ్స్' తొలి సంచిక వచ్చింది. తర్వాత అది లక్షల్లో అమ్ముడుపోయి బీబీసీకి ఆదాయం తెచ్చిపెట్టింది.

శ్రోతతో ఎలా మాట్లాడాలన్నది కూడా అప్పుడే తేల్చుకోవాల్సి వచ్చింది. ఇక్కడ హిల్డా మాథెసన్ పేరు చెప్పుకోకపోతే తప్పు. 1926లో రీత్ ఈమెను తీసుకొచ్చి ప్రసంగాల విభాగం అప్పగించాడు. సభలో ఉపన్యాసంలా మైకు ముందు అరిస్తే కుదరదనీ, వినేది జనసమూహం కాదు, ఇంట్లో పొయ్యి దగ్గర కూర్చున్న ఒకరిద్దరనీ ఆమె గ్రహించింది. పెద్ద పెద్ద రచయితలు రాసుకొచ్చిన ప్రసంగాలను కూడా మాట్లాడే భాషలోకి మార్పించేది. ఇవాళ పాడ్‌కాస్టులు చేసే మీరంతా పాటించేది ఆ సూత్రమే. రీత్‌తో అభిప్రాయభేదాలు ముదిరి చివరికి ఆమె రాజీనామా చేసి వెళ్లిపోయింది. రీత్ కింద పనిచేయడం సులువు కాదు. చీఫ్ ఇంజినీరు పీటర్ ఎకర్స్‌లీ సాంకేతికంగా బీబీసీకి ప్రాణం పోసినవాడు. విడాకుల వ్యవహారంలో చిక్కుకున్నాడని 1929లో ఆయన్నీ వదులుకున్నారు. సాయంత్రాలు అనౌన్సర్లు డిన్నర్ జాకెట్ వేసుకుని మైకు ముందు కూర్చోవాలి. రేడియోలో బట్టలు ఎవరికి కనిపిస్తాయంటారా? అదే మరి రీత్ అంటే.

తొమ్మిది రోజుల పరీక్ష

1926 మేలో బ్రిటన్‌లో సార్వత్రిక సమ్మె. బొగ్గుగని కార్మికులకు మద్దతుగా రైల్వేలు, రవాణా, ప్రెస్సులు అన్నీ ఆగిపోయాయి. పేపర్లు దాదాపు రాలేదు. దేశానికి మిగిలింది రేడియో. అప్పటిదాకా సాయంత్రం ఏడు దాటితేగాని వార్తలు చదవనివ్వని బీబీసీ, రోజుకు ఐదు బులెటిన్లు ఇవ్వడం మొదలుపెట్టింది.

మంత్రి చర్చిల్ అయితే బీబీసీని ప్రభుత్వమే స్వాధీనం చేసుకోవాలన్నాడు. రీత్ ఒప్పుకోలేదు. ప్రధాని బాల్డ్విన్ కూడా అంతదూరం పోలేదు. బీబీసీ చేజారలేదు. కార్మిక సంఘాల ప్రకటనలు కూడా బులెటిన్లలో చదివారు. అంతవరకూ బాగానే ఉంది. కానీ రాజీకి విజ్ఞప్తి చేస్తానన్న కాంటర్‌బరీ ఆర్చిబిషప్‌ను రోజుల తరబడి మైకు దగ్గరకు రానివ్వలేదు. ప్రతిపక్షంలో ఉన్న లేబర్ పార్టీ నాయకుడు రామ్సే మెక్‌డొనాల్డ్‌కు అసలు అవకాశమే ఇవ్వలేదు. ప్రధాని మాత్రం మాట్లాడాడు, అదీ రీత్ ఇంటి నుంచే.

స్వాతంత్ర్యం కాపాడుకోవడానికి దాన్ని వాడకుండా ఉంచుకున్నాడన్నమాట! ఆయన్ని సమర్థించేవాళ్లు ఇంకో దారి లేదంటారు. లైసెన్సు కట్టిన కార్మికుడి వైపు నుంచి చూస్తే, తన పది షిల్లింగులతో నడిచే రేడియోలో తన నాయకుడి గొంతు వినపడలేదు. ఈ రెండో మాటను తేలిగ్గా కొట్టేయలేమని నా ఉద్దేశం. మే 12న సమ్మె ముగిసిందన్న వార్తను మైకు ముందు చదివింది స్వయంగా రీతే.

1927 జనవరి 1న పాత కంపెనీ పోయి, రాజశాసనంతో బ్రిటిష్ బ్రాడ్‌కాస్టింగ్ కార్పొరేషన్ ఏర్పడింది. రీత్ తొలి డైరెక్టర్ జనరల్ అయ్యాడు, సర్ బిరుదు కూడా వచ్చింది.

ఆదివారం లక్సెంబర్గ్‌కు పోయిన శ్రోతలు

ఇప్పుడు ఆ ఆదివారం దగ్గరికొద్దాం. తండ్రి ఇంట్లో ఆదివారం ఎలా గడిచిందో, దేశమంతటికీ అలాగే గడవాలనుకున్నాడు రీత్. ఆదివారం ఉదయం చాలాసేపు ప్రసారాలే ఉండవు. తర్వాత ప్రార్థనలు, గంభీరమైన సంగీతం, ప్రసంగాలు. డాన్స్ మ్యూజిక్, కామెడీ నిషేధం. వారమంతా ఫ్యాక్టరీలో ఒళ్లు హూనం చేసుకున్న మనిషికి దొరికే ఒక్క సెలవు రోజున రేడియో పెడితే ఇదీ వరస.

శ్రోతలు ఏం చేశారు? గొడవ చేయలేదు. సెట్టు మీద ముల్లు తిప్పారు. ఫ్రాన్స్ తీరం నుంచి రేడియో నార్మండీ, 1933 నుంచి రేడియో లక్సెంబర్గ్ ఇంగ్లిష్‌లో ప్రసారాలు చేస్తున్నాయి. సబ్బుల, టూత్‌పేస్టుల ప్రకటనలతో పాటు హుషారైన పాటలు. ఆదివారాల్లో బ్రిటన్ ఇళ్లల్లో అవే మోగేవి. రీత్ కట్టిన గుత్తాధిపత్యానికి సముద్రం అవతలి నుంచి కన్నం పడింది.

తమాషా ఏమిటంటే, ఎంతమంది అటు పోయారో బీబీసీకి తెలియదు. ఎలా తెలుస్తుంది? పేపరైతే ఎన్ని కాపీలు అమ్ముడయ్యాయో లెక్కుంటుంది. సినిమా హాలైతే టికెట్లు లెక్కపెట్టొచ్చు. రేడియో విన్నవాడు ఎక్కడా గుర్తు మిగల్చడు. బీబీసీ దగ్గరున్నదల్లా ఉత్తరాలు. వేలకొద్దీ వచ్చేవి. కానీ ఉత్తరం రాసేదెవరు? తీరిక, చదువు ఉన్నవాళ్లు, లేదా ఒళ్లు మండినవాళ్లు. బాగుందనుకుని నిద్రపోయినవాడు రాయడు, బాగాలేదని కట్టేసినవాడూ రాయడు. యూట్యూబ్ కామెంట్లు చూసి వీడియో చూసినవాళ్లంతా ఇలాగే అనుకుంటున్నారని తేల్చేస్తే ఎంత పొరపాటో, ఇదీ అంతే.

ఈ సంగతి లోపలివాళ్లకే ముందుగా అర్థమైంది. నాటక విభాగం అధిపతి వాల్ గిల్‌గుడ్ 1930లోనే, తాము ఎవరికోసం నాటకాలు వేస్తున్నామో తెలియకుండా పోతోందని మొత్తుకున్నాడు. రీత్‌కు మాత్రం అనుమానం. తలలు లెక్కపెట్టడం మొదలుపెడితే, ఆ లెక్కే యజమాని అవుతుంది. రేపు సింఫనీకి తక్కువ మంది, కామెడీకి ఎక్కువ మంది అని తేలితే సింఫనీ తీసేయమంటారు. ఈ భయం ఉత్త చాదస్తమని కొట్టేయకండి. వారం వారం వచ్చే రేటింగుల చుట్టూ మన టీవీ చానళ్లు తిరగడం చూస్తున్నాం కదా.

'నిన్న ఏం విన్నారు?'

1936లో బీబీసీలో శ్రోతల పరిశోధన విభాగం మొదలైంది. దానికోసం తెచ్చుకున్న మనిషి రాబర్ట్ సిల్వీ. లండన్ ప్రెస్ ఎక్స్ఛేంజ్ అనే ప్రకటనల ఏజెన్సీలో పనిచేసి, పత్రికల పాఠకుల మీద సర్వేలు చేసిన అనుభవం ఆయనది. ప్రకటనలంటే గిట్టని సంస్థలోకి ప్రకటనల ఏజెన్సీ మనిషి! రీత్ ఉండగానే, ఆయన కళ్లెదుటే ఇది జరిగింది.

సిల్వీ పనితీరు స్టాటిస్టిక్స్ విద్యార్థులు చూడాల్సిందే. 1937లో వినోద కార్యక్రమాలు ఎవరెంత వింటున్నారో నమోదు చేయడానికి స్వచ్ఛందంగా ముందుకు రమ్మని రేడియోలో పిలిస్తే జనం వేలల్లో ముందుకొచ్చారు. వాళ్లలోంచి 2 వేలమందిని ఎంచి, వారం వారం విన్నవి రాసే ఫారాలు ఇచ్చారు. లెక్కలొచ్చాయి. కానీ అడగ్గానే ముందుకొచ్చేవాడు మామూలు శ్రోతకన్నా ఉత్సాహవంతుడై ఉంటాడు కదా, మరి ఆ లెక్క దేశమంతటికీ ఎలా వర్తిస్తుంది? అందుకని తర్వాత లైసెన్సుదార్లలోంచి ఏ ఇష్టాయిష్టాలూ చూడకుండా లాటరీ తీసినట్టు కొందరిని ఎంచి, ప్రశ్నాపత్రాలు పోస్టులో పంపారు. పంపినవాళ్లంతా జవాబివ్వరు. అది ఇంకో చిక్కు.

చివరికి 1939 డిసెంబరులో, అంటే రీత్ వెళ్లిపోయిన ఏడాదిన్నరకు, రోజువారీ సర్వే మొదలైంది. ఇంటర్వ్యూయర్లు రోజూ వందల మందిని కలిసి నిన్న రేడియోలో ఏమేం విన్నారని అడిగేవాళ్లు. నిన్నటి మాటే ఎందుకు? మామూలుగా ఏం వింటారని అడిగితే మనిషి తాను వినాలనుకునేది చెబుతాడు. మర్యాద కోసం నాలుగు మంచి మాటలు కలుపుతాడు. నిన్నటి గురించైతే కార్యక్రమాల జాబితా ముందుపెట్టి గుర్తుచేస్తూ అడగొచ్చు, అబద్ధానికి అంత చోటుండదు.

సిల్వీ ఇంకో పని చేశాడు. ఎంతమంది విన్నారన్న లెక్కను, విన్నవాళ్లకు ఎంత నచ్చిందన్న లెక్కను వేరు చేశాడు. రెండోదానికి ఇళ్లల్లో వేరే శ్రోతల బృందాలు పెట్టాడు. కొద్దిమందే విన్నా వాళ్లందరికీ ప్రాణంలా అనిపించిన కార్యక్రమం ఉండొచ్చు. వేరే పని లేక లక్షలమంది పెట్టుకుని వదిలేసిన కార్యక్రమమూ ఉండొచ్చు. మొదటి లెక్క ఒక్కటే చూస్తే మొదటిది చచ్చిపోతుంది. రీత్ భయానికి జవాబు దొరికింది ఇక్కడేనని నాకనిపిస్తుంది. అడగడం వేరు, అడిగినదల్లా చేసేయడం వేరు. సిల్వీ విభాగం సమాచారం ఇచ్చేది, ఏం ప్రసారం చేయాలో మాత్రం కార్యక్రమాలవాళ్లే తేల్చుకునేవారు.

లెక్కలకు అందనివాటి కోసం కూడా ఆ రోజుల్లో ఒక ప్రయత్నం జరిగింది. బ్రిస్టల్‌లోని ఒక కార్మికవాడలో హిల్డా జెన్నింగ్స్, వినిఫ్రెడ్ గిల్ అనే ఇద్దరు మహిళలు ఇంటింటికీ తిరిగి, రేడియో వచ్చాక కుటుంబాల్లో ఏం మారిందో తెలుసుకున్నారు. దాన్ని 1939లో బీబీసీయే పుస్తకంగా వేసింది. మీలో సోషియాలజీ ప్రాజెక్టు చేసేవాళ్లుంటే, నమూనాగా ఇది పెట్టుకోవచ్చు.

యుద్ధం మొదలయ్యాక, 1940లో సైనికుల కోసం తేలికపాటి కార్యక్రమాలతో వేరే ప్రసారం పెట్టారు. బ్యారక్‌లో పదిమంది కలిసి, మాట్లాడుకుంటూ వినేవాళ్లకు ఏం కావాలో ఆలోచించి చేసింది అది. ఆదివారం కూడా హుషారుగానే ఉండేది. ఇళ్లల్లో ఉన్న జనమూ అదే పెట్టుకున్నారు. రీత్ ఆదివారం అలా ముగిసింది.

మనవైపు ఒక దారి

మన దేశంలో రేడియో బాగా రావాలని రీత్ చాలా ఏళ్లు లండన్‌లోని ఇండియా ఆఫీసు వెంటపడ్డాడు. చివరికి 1935లో బీబీసీ నుంచి లయనెల్ ఫీల్డెన్ అనే ఉద్యోగిని పంపించారు. 1936లో ఇక్కడి ప్రసార సంస్థకు 'ఆల్ ఇండియా రేడియో' అన్న పేరు ఖాయమైంది ఆయన చేతుల మీదుగానే. ఆ సంస్థ 1938 జూన్ 16న మద్రాసు కేంద్రం తెరిచింది. తమిళంతోపాటు తెలుగు ప్రసారాలూ అక్కడినుంచే వచ్చేవి. బాలాంత్రపు రజనీకాంతరావు 1941లో ఉద్యోగంలో చేరింది ఆ మద్రాసు కేంద్రంలోనే. రీత్‌కు మన దేశం మీద ఇంకో రకం ఆశ కూడా ఉండేది. వైస్రాయ్ కావాలని! అది తీరలేదు.

కుర్చీ దిగాక

1938 జూన్ 30న రీత్ బీబీసీ వదిలి ఇంపీరియల్ ఎయిర్‌వేస్ ఛైర్మన్‌గా వెళ్లాడు. నలుగురితో మొదలైన సంస్థలో అప్పటికి వేలమంది ఉన్నారు. లైసెన్సులు 80 లక్షలు దాటాయి. ఆఖరి రాత్రి వీడ్కోలు సభలేవీ పెట్టుకోలేదు. డ్రాయిట్‌విచ్‌లోని ట్రాన్స్‌మిటర్ కేంద్రానికి వెళ్లి, ఆ రోజు ప్రసారాలయ్యాక యంత్రాలను తన చేత్తోనే ఆపి వచ్చాడు. అప్రెంటిస్ కుర్రాడిగా మొదలైన మనిషి కదా.

అప్పటికి ఆయన వయసు 48. ఆ తర్వాత 33 ఏళ్లు బతికాడు, మళ్లీ అంతటి పని దొరకలేదు. యుద్ధంలో సమాచార మంత్రి, రవాణా మంత్రి, నిర్మాణ శాఖ మంత్రి అయ్యాడు. 1926 నాటి పగ ఇద్దరిలోనూ ఉంది, 1942లో చర్చిల్ ఆయన్ని తీసేశాడు. కొత్త పట్టణాల కమిటీ, వలసల అభివృద్ధి కార్పొరేషన్ లాంటి పనులు చాలానే చేశాడు, బాగానే చేశాడు. కానీ డైరీల నిండా నన్నెవరూ సరిగా వాడుకోలేదన్న ఏడుపే. ఆ డైరీలు ఆయన పోయాక అచ్చయ్యాయి. 1930లలో హిట్లర్, ముసోలినీల పనితీరును మెచ్చుకుంటూ రాసిన మాటలు అందులో బయటపడ్డాయి. ప్రజలకు ఏది మంచిదో పైనున్న ఒక్కడికే తెలుసనుకునే బుద్ధి ఎటు తిరుగుతుందో ఆ పేజీల్లో కనిపిస్తుంది.

1952లో ప్రకటనలతో నడిచే టీవీని అనుమతించాలన్న చర్చ వస్తే, ప్రభువుల సభలో లేచి దాన్ని మశూచి, ప్లేగు లాంటి మహమ్మారులతో పోల్చాడు. ఎవరూ వినలేదు. 1955 సెప్టెంబరు 22న ఐటీవీ ప్రసారాలు మొదలయ్యాయి. ప్రేక్షకులు చాలామంది అటు మళ్లారు, సిల్వీ విభాగం ఆ లెక్కలూ రాసుకుంది. బీబీసీ మాత్రం 1948 నుంచి ఆయన పేరిట ఏటా రీత్ ఉపన్యాసాలు ఇప్పిస్తోంది.

గ్లాస్గో యూనివర్సిటీలో రెక్టర్ అనే పదవి ఉంది. దానికి ఎవరుండాలో ఓటేసి తేల్చేది విద్యార్థులే. 1965లో వాళ్లు రీత్‌ను ఎన్నుకున్నారు. కుర్రతనంలో వెళ్లాలని ఆశపడి వెళ్లలేకపోయిన చదువుల గుమ్మంలోకి 76 ఏళ్ల వయసులో ఆయన అలా వచ్చాడు. మూడేళ్లు ఆ పదవిలో ఉన్నాడు. 1971 జూన్ 16న ఎడిన్‌బరోలో కన్నుమూశాడు.